బాలింతకు నీళ్లా!

జీపు ఆగిపోయింది.

ముందున్న వాగు పొంగింది. పోనీ వెనక్కి పోదామంటే, ఇందాక దాటొచ్చిన వాగు అంతకన్నా ఎక్కువ పొంగింది.

"గిటు పోరాదు, గటు పోరాదు. ఇగ గీడనే," అన్నాడు డ్రైవర్ అంబదాస్.

ఉట్నూర్ దవాఖాన నుంచి కోడల్ని ఊరికి తీసుకుపోతోంది రాజక్క. కోడలు వనిత ఒళ్లో వారం కూడా నిండని పసిగుడ్డు. ఎదుటి సీట్లో జపాన్ నుంచి వచ్చిన ఒక ముసలామె, ఆమె పక్కన ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి తోడొచ్చిన కరీంనగర్ కాలేజీ పిల్ల దీపిక.

వాన తగ్గలేదు. పరదాలు దించేశారు. లోపల ఒకటే ఉక్క, పసిగుడ్డు ఏడుపు.

"అత్తా, నోరెండుతున్నది. పాలు గూడ వస్తలెవ్వు. జరన్ని నీళ్లియ్యరాదే."

"పచ్చి బాలింతవు! నీళ్లు తాగుతవా? మతి ఉండే మాట్లాడుతున్నవా?"

"నర్సమ్మ తాగుమన్నది గదనే."

"నర్సమ్మకేం ఎరుక? నా చెల్లె గిట్లనే బాలింతప్పుడు బిందెల ముంచుకొని తాగింది. తెల్లారేసరికి పోయింది. నా కండ్లార చూసిన."

నీళ్లవల్లే పోయిందని రాజక్కకు ఏ డాక్టరూ చెప్పలేదు. తనే నమ్మింది. కోడలంటే పగ కాదు, ప్రాణం. వచ్చిన చిక్కంతా అదే!

పసిగుడ్డు చీకి చీకి, పాలు రాక, మళ్లీ ఏడుపందుకుంది.

ముసలామె సీసా మూత తీసి వనిత ముందు చాపింది.

"నీళ్లు," అంది. ఆమెకు వచ్చిన తెలుగు అదొక్కటే.

రాజక్క చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు చూసింది ముసలామె మెడను. చర్మమంతా ముడుచుకుపోయి, బొబ్బలు కట్టి గట్టిపడినట్టు ఉంది.

"అవ్వో! గిదేం రోగమే? పసిపిల్ల దగ్గరికి రావద్దని చెప్పు!"

"రోగం కాదు పెద్దవ్వా," అంది దీపిక. "చిన్నప్పుడు వాళ్ల ఊరి మీద అణుబాంబు పడితే కాలింది. గసొంటి బాంబులు ఏ దేశంకాడ ఉండొద్దని ఊరూరు తిరిగి చెప్తది. రేపు మీ ఊరి బళ్లె మాట్లాడుతది."

"గీ వాగు మీద వంతెన గట్టుమని చెప్పరాదు? బాంబుల ముచ్చట మాకెందుకు!"

అంబదాస్ పక్కున నవ్వాడు. వనిత నవ్వలేదు. ఆమె కళ్లు సీసా మీదే ఉన్నాయి.

ముసలామె మళ్లీ చాపింది. రాజక్క సీసా లాక్కుని బయటికి విసిరేసింది. వాగు దాన్ని ఈడ్చుకుపోయింది.

ముసలామె టిఫిన్ డబ్బా తీసుకుని వానలోకి దిగింది. డబ్బాను ఆకాశానికి పట్టి, వణుకుతూ, అది నిండేదాకా నిలబడింది.

"పిచ్చిదా ఏంది?" అన్నాడు అంబదాస్.

ఆమె నిండిన డబ్బా తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని వనితకు అందించింది.

రాజక్క లేచేలోపే వనిత అందుకుంది.

"సస్తే సస్త గని తాగుతత్తా!"

గటగటా తాగేసింది.

రాజక్క గుండె బాదుకుంది. "నా కోడలికేమన్న అయితే ముసల్దానా, నిన్ను గీ వాగులనే తొక్కుత!"

పొద్దుగూకే వేళకు ఊరి నుంచి ట్రాక్టర్ వాగు దాటి వచ్చింది.

"గా రోగపుదెక్కితే మేమెక్కం," అంది రాజక్క.

దీపిక కొట్లాడబోయింది. ముసలామె ఆమె చెయ్యి పట్టి ఆపి, బాలింతను ముందు తీసుకుపొమ్మని సైగ చేసింది. ట్రాక్టర్ రెండోసారి రాలేకపోయింది. వాగు రానివ్వలేదు.

తెల్లారింది. వనితకు ఏమీ కాలేదు. పాలు పడ్డాయి. పసిగుడ్డు కడుపునిండా తాగి నిద్రపోయింది.

రాజక్క కోడల్నీ, పిల్లనూ మార్చి మార్చి చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది. కాళ్లకు చెప్పులైనా లేకుండా బడికి ఉరికింది.

అక్కడ దీపిక ఒక్కతే పిల్లలతో మాట్లాడుతోంది.

"అవ్వ ఏది బిడ్డా? కాళ్లు మొక్కుదామని వచ్చిన."

"రాత్రంత తడిబట్టల మీద జీపులనే ఉన్నది. జరం పట్టింది. వాగు తీసినంక అంబదాసన్న దవాఖానకు తోల్కపోయిండు. పిల్లలు ఎదురుచూస్తరని నన్ను గిటు పంపింది. ఇప్పుడే ఫోన్ వచ్చింది. సోయి లేదట. పిలిస్తే పలుకుతలేదట."

రాజక్క గడపలోనే కూలబడింది.

"నేనన్ని తిట్టినా గా నీళ్ల కోసం అంత తండ్లాడవట్టె. ఎందుకు బిడ్డా?"

దీపిక కళ్లు తుడుచుకుంది.

"బాంబు పడ్డనాడు ఒళ్లంత కాలిన చెల్లె నీళ్లు నీళ్లని ఏడుస్తుంటే, తాగిస్తే సస్తదన్న పెద్దోళ్ల మాట నీ లెక్కనే నమ్మి, చేతిల నీళ్లుండంగ చుక్క గూడ పొయ్యని అక్క గామెనే పెద్దవ్వా!"