ఆరు నెలల పాట

"ఈ పాట దొంగసొత్తు, ఖయ్యూం. దొంగసొత్తు అమ్మేవాడిని ఏమంటారో నేను చెప్పనవసరం లేదు," అన్నది ప్రమీలారాణి, క్యాసెట్ల దుకాణం ముందు గొడుగు మడుస్తూ.

ఖయ్యూం సౌండ్ బాక్సు గొంతు తగ్గించాడు. భద్రాచలంలో ఆడపిల్లల బడికి పాతికేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండి రిటైరైన మనిషి గుమ్మంలో నిలబడితే, పాట సంగతి అటుంచి, వీధిలో సైకిళ్ల వేగం కూడా తగ్గుతుంది.

"మేడమ్, నిన్నటిదాక గిది పాటే గాదంటిరి. ఎవరో బొంబాయి పాప్ పోరడు జుట్టు పెంచుకొని గోల జేస్తుండు, గీ గోల ఆరు నెలలు గూడ బతకదంటిరి. ఇయ్యాల దొంగసొత్తంటున్నరు. పాటే గాని దాన్ని ఎవరు దొంగతనం జేస్తరు?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. న్యాయం ఎక్కడున్నా గుర్తుపట్టగలనని గర్వించే ప్రమీలారాణి దీన్ని మాత్రం గుర్తుపట్టనట్టే ఊరుకున్నది.

జరిగింది ఇది. ఆ ఉదయం దుకాణానికి ఎదురుగా ఉన్న తన ఇంటి వరండాలో ఆమె పేపరు చదువుతుండగా, ఈ పాటకు ఆమె కుడికాలు తాళం వేసింది. తన కాలు తప్పు చేయదు గనుక తప్పు పాటదే అయి ఉండాలని ఆమె వెంటనే విచారణ ప్రారంభించింది. రెండోసారి వినేసరికి దొంగ దొరికిపోయాడు. ఆ వరుస, చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ నేర్పిన ప్రార్థన గీతానిది. నుదుట కుంకుమ దిద్దుకున్నా, ఆ ప్రార్థన పాడనిదే ఆమె నేటికీ కాఫీ ముట్టదు. తన బడిలోనూ రోజూ అదే పాడించింది.

"నిలిచే సంగీతం భక్తిలోనే పుడుతుంది," అన్నదామె. "ఈ కుర్రవాడు దాన్ని ఎత్తుకొచ్చి గంతులకు కట్టాడు. జనం ఎగబడుతున్నారంటే ఆ గొప్పతనం వాడిది కాదు, మా సిస్టర్‌ది."

"మా బిడ్డ షహజాది మీ బళ్లెనే చదివింది గద మేడమ్. ఇంట్ల గా ప్రార్థన పాడుతుంటె నాకెన్నడు గిట్ల అనిపియ్యలే."

"అనిపించడానికి చెవులుండాలి."

ఖయ్యూం నవ్వాడు గాని, నవ్వు నిలవలేదు. "ఎల్లుండి నవమి. కల్యాణానికి ఊరంత జనం దిగుతరు. గీ ఒక్క క్యాసెట్ మీదనే నా సీజనంత. పోలీసోళ్ల దాక పోకుండ్రి."

"పోలీసులెందుకు? సాక్షి బతికే ఉన్నది. సిస్టర్ ఇప్పుడు దుమ్ముగూడెం దారిలో మిషన్ ఆసుపత్రిలో ఉన్నారు. ఈ వరుస దేవుడి సొత్తని ఆమె అంటే, నువ్వు ఆ బాక్సు దించి, ఈ క్యాసెట్లన్నీ మూటగట్టాలి."

"కాదంటే?"

"కాదంటే నవమి నాడు నీ బాక్సు కింద కుర్చీ వేసుకుని, ఊరంతా చూస్తుండగా ఈ క్యాసెట్ రెండు వైపులా వింటాను."

ఇంత సులువైన పందెం ఆమె జీవితంలో ఎన్నడూ కాయలేదు.

మధ్యాహ్నం బస్సుకు ఇద్దరూ వెళ్లారు. సిస్టర్ ఆగ్నెస్ ఆసుపత్రి వరండాలో జపమాల పట్టుకుని కూర్చుని ఉన్నది. అర్ధశతాబ్దం ఈ నేల మీద గడిపిన ఆ ముసలమ్మకు సొంత దేశం నుంచి మిగిలింది ఒంటి రంగు ఒక్కటే, మాటంతా ఇక్కడిదే.

ఖయ్యూం టేప్‌రికార్డర్ బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. డ్రమ్ముల మోతకు మందు సీసాలు గలగలలాడాయి. సిస్టర్ కళ్లు మూసుకున్నది. హవాయి చెప్పులో ఆమె పాదం కదులుతున్నది. ఆవేదనతో వణుకుతున్నదని ప్రమీలారాణి అనుకున్నది.

"ఇది మన ప్రార్థన వరుస కాదా సిస్టర్?"

"అదే బిడ్డా. ఇంత గూడ మారలే."

ప్రమీలారాణి ఖయ్యూం వైపు తిరిగి చూసింది. అతడు పాట ఆపి, బాక్సు దించడానికి నిచ్చెన ఎవరిని అడగాలా అన్నట్టు నేల చూపులు చూస్తున్నాడు.

"అయితే దొంగతనమే కదా సిస్టర్?"

"అవ్, దొంగతనమే."

"మరి దొంగను ఏం చేయమంటారు?"

"ఏం జేస్తవ్ ప్రమీలా? ఎనభై దాటిన. ఇప్పుడు నన్ను బెంచి ఎక్కిస్తవా?"

"మిమ్మల్నా?"

"పెద్ద పెద్ద కీర్తనలు నేర్పిన. ఒక్క పిల్ల నోటికి రాలే. నువ్వయితే పాట క్లాసంటే బెంచి కింద దూరుతుంటివి. ఇంకేం జెయ్యాలె? మా దేశంల, మా ఊళ్ల సారా దుకాణంల పోరలు ఎగిరే పాట ఒకటి యాదికొచ్చె. దాని వరుసకు దేవుని మాటలు కడితి. అందరికన్న ముందు నువ్వే నేర్చినవ్."

"మేడమ్," అన్నాడు ఖయ్యూం చాలా మర్యాదగా, "కుర్చీ మా ఇంటికాంచి తెస్త. చేతులున్నది."

ప్రమీలారాణి అతని మాట విననట్టు సిస్టర్ వైపు వంగింది. ఓడిపోతున్న వాదికి మిగిలిన ఆఖరి ప్రశ్న అది. "పోనీ, ఆ పాట మొదట కట్టినవారైనా గొప్ప విద్వాంసులై ఉంటారు కదా సిస్టర్?"

"ఎవడో నెత్తికి నూనె దట్టంగ రాసుకొని దువ్వుకునే పోరడు," అన్నది సిస్టర్. "నేను గ్రామఫోను ప్లేటు దాచుకుంటె మా నాయన మోకాలి మీద ఇరగ్గొట్టి అన్నడు గద, గీ గోల ఆరు నెలలు గూడ బతకదని."