నూట పదమూడో పేజీ

రాత్రి పదకొండున్నరకు, చెల్లెలి ఇంట్లో, పాత పుస్తకాల వ్యాపారి ఆమె బీరువాలోని నవలను సగంలో మూసేసి చేయి కడుక్కున్నాడు. అది మొదటి ముద్రణ అని తేలితేనే పెద్ద ధర పలికి చెల్లెలు ఇల్లు అమ్ముకోకుండా బయటపడుతుంది. మొదటి ముద్రణలో నూట పదమూడో పేజీలో ఒక వాక్యం పొరపాటున రెండుసార్లు పడింది. కానీ పేజీలన్నీ ఉన్నాయో లేదో చూస్తూ అప్పటిదాకా తిప్పిన ప్రతి పేజీ మూలా జిగటగా ఉంది. వేళ్లకు ఉమ్మి వాసన అంటింది.

"ఛీ! ఎవరే ఇలా వేలు నాకి నాకి తిప్పింది?"

"మీ బావగారికే ఆ పాడు అలవాటు అన్నయ్యా. ఆయన పోయి ఏడాదైంది. బీరువా తాళం ఇవాళ నువ్వేగా తీశావు!"

అతను ముక్కు మూసుకొని పుస్తకాన్ని బల్ల మీద మళ్లీ తెరిచాడు. నూట పదమూడో పేజీ పొడిగా ఉంది. వాక్యం రెండుసార్లు ఉంది.

"బతికిపోయావే పిచ్చిదానా, ఇదే!"

ఇద్దరి చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. పేజీ మూల తడిసింది.