తియ్యటి నీళ్లు

ఆ పొద్దు ఆకాశం తోమని ఇత్తడి చెంబులా కమిలిపోయి ఉంది. సీసం గనుల దుమ్ము అది, బావుల్లోకీ దిగింది. ఇప్పుడు ఊళ్లో జియోలైట్ రాళ్లకుండలో వడగట్టనిదే బావినీళ్లు ఎవరూ తాగరు. రాళ్లు నీళ్లలోని సీసాన్ని పట్టుకుని, బదులుగా తమలోని ఉప్పును వదులుతాయి. అందుకే ఏ ఇంటి నీళ్లయినా కాస్త ఉప్పన. రాళ్లలో ఉప్పు అయిపోతే మళ్లీ ఉప్పునీళ్లలో నానబెట్టాలి.

మిరప కోతలకు వెళ్లిన అంకమ్మ నెల తర్వాత ఇల్లు చేరేసరికి, ఆమె మొగుడు పిచ్చయ్య వాకిట్లో పక్కింటాయనకు గ్లాసు అందిస్తున్నాడు.

"తాగి చూడు బావా! మా నీళ్లు కొబ్బరినీళ్లు."

అంకమ్మ ఆ గ్లాసు లాక్కుని ఒక గుక్క నోట్లో పోసుకుని, నేలమీద ఉమ్మేసింది.

"రాళ్లు ఉప్పులో ఎప్పుడు నానేశావు?"

"ఉప్పెందుకే? అది మానేశాకే గదా ఇంత తియ్యగయినాయి!"

"రాయి చచ్చింది గనక తియ్యగున్నాయి. సీసం సీసంగానే కడుపులోకి పోతంది. ఎద్దన్నా వాసన చూసి మూతి పెడతాది, నీకా ఇంగితం కూడా లేదు. పురిటికొచ్చిన పిల్లకీ ఇవే పోశావా?"

పిచ్చయ్య నవ్వబోయాడు. గడపలో నిలబడ్డ కూతురు చంద్రకళ చేతిలో సగం తాగిన గ్లాసు చూసి ఆగిపోయాడు.

వండిన అన్నమంతా అంకమ్మ గోతిలో పారబోసింది. పక్కింటి నుంచి నీళ్లు తెచ్చి మళ్లీ వండింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. చంద్రకళ ఎడమచేయి పొట్టమీదే ఉంది. లోపల బిడ్డ కదిలిందా అని ఎవరూ అడగలేదు.