విగ్గులక్క వేలు

ఫోన్‌లో ఆ ప్రకటన చూడగానే విగ్గులక్కకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది.

"ఛీ! వీడికి సిగ్గూ శరం లేవా?" అంటూ చేతిలో ఉన్న, విగ్గు అల్లే కొక్కెం సూదిని బల్ల మీద విసిరికొట్టింది.

వీడంటే సొంత తమ్ముడే. తండ్రి పోయాక విగ్గుల వ్యాపారం రెండు ముక్కలైంది. నాటకాల విగ్గులు తమ్ముడికి, చికిత్సలో జుట్టు ఊడిపోయిన రోగుల విగ్గులు అక్కకు. తండ్రి పేరు మాత్రం ఇద్దరి బోర్డుల మీదా ఉండిపోయింది. ఒకరి గిరాకీ జోలికి ఇంకొకరు పోకూడదని మాట అనుకున్నారు. ఆ మాట అనుకున్న రోజే తగవు ముదిరి, ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు.

ఇప్పుడు చూస్తే, రోగులకు విగ్గులని ఫోన్‌లో వెతికితే చాలు, అన్నింటికన్నా పైన తండ్రి పేరుతో ప్రకటన. దాని కింద, "జుట్టు పోతే పోయింది, నవ్వు పోనివ్వకండి." తండ్రి రోజూ రోగులతో అనే మాట అది.

చూపించినవాడు పక్కకొట్టు ప్రింటింగ్ బాబాయి. ఆ ప్రకటనకు డబ్బు ఎవరు కడుతున్నారో కూడా ఎక్కడో నొక్కి చూపించాడు. తమ్ముడి పేరు, ఇంటిపేరుతో సహా.

"జబ్బుపడ్డవాళ్లని కూడా వదలడా వీడు? నాన్న నోటిమాటని ఎర వేస్తాడా? వీడసలు మనిషేనా బాబాయ్?"

"ఇది ఊరికే రాదమ్మా. ఎవరైనా దాని మీద నొక్కినప్పుడల్లా మీవాడికి ఇంత వదులుతుంది. రోజుకింత అని ముందే పెట్టుకుంటారు. అది కాస్తా అయిపోయిందా, ఆ రోజుకి ప్రకటన కనబడదు."

విగ్గులక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"కొనక్కర్లేదా?"

"కొననూ అక్కర్లేదు, చూడనూ అక్కర్లేదు. నొక్కితే చాలు."

మర్నాటి నుంచి షాపు తెరవగానే అదే పని. దుమ్ము దులపకముందే ఫోన్ తీసేది. విగ్గులు అల్లే ఆడవాళ్లిద్దరి చేతా నొక్కించేది. ఇంట్లో కాఫీ తాగుతున్న మొగుడికి ఫోన్ చేసి మరీ నొక్కించేది. ఒక్కటే షరతు. పేజీ తెరుచుకునేలోపే వెనక్కి వచ్చెయ్యాలి.

"వాడి షాపు మొహం నేను చూడను, మీరూ చూడొద్దు. తర్వాత కళ్లు కడుక్కోలేక చావాలి," అనేది.

ఆమెకూ ఒక వెబ్‌సైట్ లేకపోలేదు. పెళ్లయి వెళ్లేముందు కూతురు ముచ్చటపడి చేసిపెట్టింది. విగ్గు తొడిగే చెక్క తల పక్కన నిలబడ్డ తల్లి ఫొటో, దాని కింద ఫోన్ నంబరు. చాలాకాలం దాన్ని ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఈమధ్యే కాస్త ఫోన్లు మోగుతున్నాయి. షాపు అద్దె బకాయి తీరుతుందని, షట్టర్ దించేసి ఇంట్లో కూర్చునే గతి తప్పుతుందని ఆమె ఊపిరి పీల్చుకుందో లేదో, తమ్ముడి నిర్వాకం ఇలా బయటపడింది.

ఇప్పుడా ఫోన్లు మళ్లీ పడిపోయాయి. పొద్దున్నే ఒకటో అరో మోగితే మోగినట్టు. ఆ తర్వాత ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవడమే.

"చూశారా, మనవాళ్లందర్నీ వాడే లాగేసుకుంటున్నాడు," అని పళ్లు కొరికి, విగ్గులక్క ఇంకో నాలుగుసార్లు నొక్కేది.

ఒకరోజు తమ్ముడే వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. గుమ్మం బయట చెప్పులు విప్పబోయాడు.

"విప్పక్కర్లేదు. అక్కడే ఉండు."

"అక్కా, ఒక్క మాట. ఆ ప్రకటన..."

"దాని గురించి మాట్లాడ్డానికి నోరెలా వచ్చిందిరా నీకు?"

"కోప్పడకు. మధ్యాహ్నం కాకుండానే డబ్బంతా అయిపోతోంది. ఎవరో పనిగట్టుకుని నొక్కుతున్నట్టున్నారు. నీకు గానీ..."

ఆమె పకపకా నవ్వింది.

"అయిపోనీ! నీ కొంప మునిగిపోనీ! నాన్న పేరే అమ్ముకు తింటున్నావు, ఇంకేం మిగిలిందిరా? నిన్ను చూస్తుంటే వాంతొస్తోంది. పో ఇక్కణ్నించి!"

"నన్ను చెప్పనివ్వవే..."

మొహం మీదే అద్దం తలుపు వేసేసింది. అతను అవతలి నుంచే లోపల ఖాళీగా ఉన్న కుర్చీల వంక చూశాడు. తల వంచుకుని వెళ్లిపోయాడు. అతను చెయ్యి వేసిన తలుపు పిడిని ఆమె తడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది.

మర్నాడు పొద్దున చెక్క తల మీద బిగించిన విగ్గు అంచుకు జిగురు రాస్తుంటే ఫోన్ గుర్తొచ్చింది. నిన్నటి కసి ఇంకా చల్లారలేదు. చేతులు తుడుచుకునే ఓపిక కూడా లేకపోయింది. ఆ వేలితోనే వెతికి, ఆ వేలితోనే ప్రకటన మీద గట్టిగా నొక్కింది.

జిగురు తెర నిండా పులుముకుంది. వెనక్కి రావాలని నొక్కితే ఫోన్ మాట వినలేదు. కొంగుతో తుడిచి మళ్లీ నొక్కింది. ఊహూఁ. తమ్ముడి షాపు కంటబడకుండా మొహం తిప్పుకోవాలనుకుంది గానీ, ఈలోపే పేజీ తెరుచుకుంది.

తమ్ముడు డబ్బు కడుతున్న ఆ ప్రకటన తెరిచిన పేజీలో, చెక్క తల పక్కన, తన ఫోన్ నంబరుకు పైన, తానే నిలబడి నవ్వుతోంది.