పద్నాలుగో పేజీ

"ఏయ్! ఆ పుస్తకం ముట్టుకోకు!"

ఆ అరుపుకి షెడ్డంతా దద్దరిల్లింది.

బల్ల దగ్గర నిలబడ్డ పెద్దావిడ ఉలిక్కిపడింది. అరవై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచీ, చేతిలో పెన్ను. ఎదురుగా పద్నాలుగో పేజీ తెరిచి ఉంది.

షెడ్డు యజమాని ఒక్క అంగలో వచ్చి పుస్తకం లాక్కున్నాడు.

అది అచ్చయిన పుస్తకం కాదు. ఫైబర్‌గ్లాస్‌తో కారు భాగాలు ఎలా చేసుకోవాలో ఎవరో చేత్తో రాసిన నోట్సుకు జిరాక్సు. రాసినవాళ్ళ పేరు లేదు. షెడ్డు నుంచి షెడ్డుకు చేతులు మారి ఇతని దాకా వచ్చింది. చేతులు కడుక్కోనిదే ఎవరినీ తాకనివ్వడు. రాసిన మహానుభావుణ్ణి ఎన్నడూ చూడకపోయినా నోరారా 'గురువుగారు' అంటాడు. అక్షరాలన్నీ కుడివైపుకి ఒరిగి, తోకలు దర్జాగా పైకి లేచి ఉంటాయి. అది పెద్ద ఇంజనీరు దస్తూరీ అని చెల్లెలికి వందసార్లు చెప్పాడు. గురువుగారికి నెరిసిన గడ్డం, కళ్ళజోడు కూడా తనే తగిలించాడు.

"ఎవరమ్మా మీరు? అడక్కుండా లోపలికొచ్చి పుస్తకంలో పిచ్చిగీతలేంటి?"

"పిలిచాను బాబూ. మిషన్ మోతలో మీకు వినపడలేదు. ఈ పేజీలో ఒక మాట తక్కువైంది. రాసేసి వెళ్ళిపోతాను."

"తక్కువైందా? గురువుగారి పుస్తకంలోనా!"

అతని చెల్లెలు మధ్యలోకి వచ్చింది. బయట మూతి పగిలి నిలబడ్డ టాక్సీ ఆమెదే, నడిపేదీ ఆమే. ఆ మోడల్ బంపర్లు రావడం మానేసి పదేళ్ళయింది. సోమవారం తనిఖీకి బంపర్ లేకుండా వెళ్తే బండి రోడ్డెక్కదు. బండి రోడ్డెక్కకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే అన్న నెల రోజులు కూర్చుని, పగిలిన ముక్కలు కొలిచి కొలిచి, థర్మోకోల్‌తో బంపర్ ఆకారం చెక్కాడు. దాని మీద గట్టిపడే జిగురు, అదే రెజిన్, పూసి, ఫైబర్ మ్యాట్ పరిచి, అచ్చు తీయడమే మిగిలింది. ఇవాళ శనివారం.

"ఏంటో విందాం అన్నయ్యా."

పెద్దావిడ రెజిన్ డబ్బా వాసన చూసింది.

"ఇది పాలియెస్టర్ రెజిన్. థర్మోకోల్‌ని తినేస్తుంది బాబూ. పుస్తకంలో చెప్పింది ఇంకో రకానికి, ఎపాక్సీకి. ఇది రాసిన ఫ్యాక్టరీలో అదొక్కటే వాడేవాళ్ళు. ఏ రెజినో రాయాలన్న ధ్యాసే లేకపోయింది."

"'థర్మోకోల్ మీద నేరుగా రెజిన్ పూయవచ్చు.' పద్నాలుగో పేజీ. నాకు కంఠతా వచ్చు."

"అదే నా భయం. ముందు ప్యాకింగ్ టేపు చుట్టండి. అదిగో, మీ మేకుకే వేలాడుతోంది. సందు లేకుండా చుట్టి, మైనం రాసి, అప్పుడు పూయండి."

"నెల రోజులు నున్నగా చెక్కి, ఇప్పుడు టేపుతో ముడతలు తెప్పించుకోమంటారా?"

"పోనీ, ఆ తుక్కు ముక్క మీద ఒక్క చుక్క వేసి చూడండి."

"వెయ్యి అన్నయ్యా, పోయేదేముంది?"

నిజంగానే ఏమీ పోదు. ఒక చుక్క, ఒక నిమిషం. నేల నిండా థర్మోకోల్ ముక్కలే. కానీ మన శిష్యుడికి ఒళ్ళు మండిపోయింది.

"వెయ్యను! వేస్తే గురువుగారిని అనుమానించినట్టే. ఇంట్లో గరిటె తిప్పుకునే మనిషి వచ్చి ఇంజనీరు తప్పులు దిద్దుతుందా? అసలు ఆయన మరచిపోయారని నీకెవరు చెప్పారు? కల్లోకొచ్చి చెప్పారా?"

"కల రావాలంటే నిద్ర పట్టాలి కదా బాబూ. ఈ పేజీ నమ్మి ఒకతను పనంతా పాడుచేసుకున్నాడని పోయిన నెల తెలిసింది. అప్పట్నుంచీ ఈ పుస్తకం ఎక్కడుందంటే అక్కడికి వెళ్తున్నాను. మీది పదిహేడో షెడ్డు."

"పదహారు చోట్ల తరిమేస్తే ఇక్కడికొచ్చావన్నమాట!"

ఆవిడ మొహం ఎర్రబడింది.

"రాసినవాళ్ళూ మనుషులే. తప్పు రాయగలరు."

"నా గురువుగారిని పట్టుకుని మనిషంటావా!"

తల్లి వయసు మనిషిని రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళాడు. భక్తి మనిషికి ఇంత పొగరు ఎక్కడ నేర్పుతుందో! ఆవిడ వెనక్కి తిరిగి, చెల్లెలి వంక చూసి, "టేపమ్మా" అంది. గేటు మూసుకుంది.

అతను చేతులు కడుక్కుని, ఆవిడ గీసిన గీతల్ని బొటనవేలితో మూసి, పేజీ మరోసారి చదువుకుని, రెజిన్ కలిపాడు. మొదటి పూత పూశాడు.

బంపర్ మీద చిన్న గుంట పడింది.

"అన్నయ్యా, ఆపు!"

"ఏం కాదు. గురువుగారు రాశారు."

గుంట గుప్పెడంత అయింది. పక్కన ఇంకోటి. నున్నటి అంచు లోపలికి కుంగిపోయింది. పావుగంటకి నెల రోజుల కష్టం తెల్లటి జిగురై బల్ల అంచు నుంచి కారుతోంది. టేపు మేకుకే వేలాడుతోంది.

చెల్లెలు గేటు తీసుకుని పరుగెత్తింది. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఎవరూ లేరు. తిరిగి వచ్చేసరికి అన్న బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"ఆవిడ అపశకునం మాటలే ఇదంతా చేశాయి," అన్నాడు. "గురువుగారి పుస్తకం కూడా పాడుచేసి పోయింది."

చెల్లెలికి కళ్ళలో నీళ్ళు, గొంతులో నిప్పులు. బల్ల మీది పుస్తకం లాగి పద్నాలుగో పేజీ అతని ముక్కు ముందు పెట్టింది.

"చూడు! ఎలా పాడుచేసిందో కళ్ళు తెరిచి చూడు!"

'ఎపాక్సీ అయితేనే. పాలియెస్టర్‌కి ముందు...' అతను లాక్కున్నప్పుడు పెన్ను అక్కడే ఆగిపోయింది.

నీలం సిరాతో ఉన్న ఆ కాసిని అక్షరాలూ, పైన అతను కంఠతా పట్టిన పేజీలో లాగే, కుడివైపుకి ఒరిగి, తోకలు దర్జాగా పైకి లేపుకుని ఉన్నాయి.