ఎర్ర టోపీ మనిషి

“ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన ఎవరైనా ఇటు వచ్చాడా, సార్?”

లోయ అడుగున బండకి చేరగిలబడ్డ ఆర్విల్ కళ్లు తెరిచాడు. ఎదురుగా పార్కు రేంజర్ దుస్తుల్లో ఓ అమ్మాయి. చొక్కా మీద డెల్లా అని పేరుంది.

“రాలేదు. నేను బాగానే ఉన్నాను. నాకేం సాయం అక్కర్లేదు,” అన్నాడు, ఆమె అడక్కుండానే.

గంట క్రితం ఓ జంట చెయ్యందిస్తే కసిరి పంపేశాడు. నలభై ఏళ్లు ట్రాక్టర్లు అమ్మినవాడు, ఒకరి ముందు తగ్గడం ఎరగడు. కానీ తొమ్మిది వేల అడుగుల ఎత్తున గాలి పల్చన. హాయిగా దిగొచ్చిన దారే ఎక్కబోతే పదడుగులకోసారి ఊపిరి లాగేస్తోంది. పడమట మబ్బు కమ్ముతోంది. జూలైలో ఈ లోయ అంచుల మీద పిడుగు పడని మధ్యాహ్నం ఉండదు.

“మీకెందుకు సాయం? నాకే కావాలి. ఆయన మళ్లీ పైకే బయల్దేరి ఉంటాడు, ఏ మలుపులో పడిపోయాడో. నా ఒక్కదాని కళ్లు చాలవు.”

ఆర్విల్ కర్ర ఊతంగా లేచాడు. “పద. ఆయన వయసెంత?”

“డెబ్బై. మొండిఘటమని వాళ్లావిడ చెప్పింది.”

“అలాంటివాళ్లని అసలు దిగనివ్వకూడదు.”

“చెబితే వింటారా?”

ప్రతి మలుపులోనూ డెల్లా ఆగింది. “కాసేపు కూర్చుని చెవి పెట్టండి. మూలుగు వినిపిస్తుందేమో.”

కూర్చున్నాడు. మూలుగేమీ వినిపించలేదు గానీ గుండెదడ తగ్గింది. నాలుగో మలుపులో ఆమె నీళ్ల సీసా, ఉప్పు బిస్కెట్లు తీసింది.

“ఆయన కోసం తెచ్చాను. మీరు కానివ్వండి, నాకు మోత తగ్గుతుంది.”

బేరం న్యాయంగానే తోచింది. తిన్నాడు.

“మొహం చూసి మనిషి లోపలి లెక్క చెప్పేస్తాను,” అన్నాడు, కాస్త ఓపిక రాగానే. “నన్ను బుట్టలో వేసినవాడు ఇంతవరకు లేడు.”

“చూస్తేనే తెలుస్తోంది సార్.”

పన్నెండో మలుపు దాటి అంచు మీదికి చేరేసరికి తొలి ఉరుము వినిపించింది. కార్ల దగ్గర బెంచీ మీంచి ఆర్విల్ భార్య నోర్మా లేచి, గబగబా వస్తోంది. అతను కర్ర మీద వాలి ఆమెకి చెయ్యూపాడు. తను మాత్రం క్షేమంగా ఎక్కొచ్చినందుకు ఎందుకో సిగ్గేసింది.

“ఏమనుకోకమ్మా, నీ మనిషి దొరకలేదు. వాన పడేలోపు ఇంకెవరినైనా పంపించు.”

డెల్లా బండరాయి మీద కూలబడి రేడియో నోటి దగ్గర పెట్టుకుంది.

“ఆర్విల్ దొరికాడు, ఇక వెతకడం ఆపండి.”