ఎదుటి మంచం ప్రార్థన

"ఫోన్ బందు చెయ్ సింధూ! నాకు పాస్టర్ గీస్టర్ ఎవ్వరొద్దు."

దేవదాస్ ఆక్సిజన్ మాస్కు లాగేసి మరీ అరిచాడు. అరిచాననుకున్నాడు గానీ, బయటికొచ్చింది పిల్లికూతంత. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఏప్రిల్‌లో సూరత్‌లో ఆసుపత్రి మంచం దొరకడమే మహాభాగ్యం. ఈ మహానుభావుడు దొరికిన మంచం మీద పడుకుని మొండికేశాడు.

ఫోనులో భార్య సింధూజ ఏడుస్తోంది. "జర ఇనరాదు. అయ్యగారు లైన్‌ల ఉన్నరు. దేవుడు నిన్ను పిలుస్తున్నడంట."

"నన్నా? తాగినప్పుడల్ల ఆయన్ని తిట్టని తిట్టు లేదు. మందిరం గడప తొక్కక ఎన్నేండ్లాయె! గింతమంది మంచోళ్లు ఉండంగ నన్ను పిలుస్తడా? ఆయనకేం పని లేదా?"

నర్సు పరుగెత్తుకొచ్చింది. "మాస్క్ మత్ నికాలో, కాకా!" అని గదమాయించి మాస్కు తిరిగి తగిలించింది. ఆమె అటు తిరగ్గానే మళ్లీ తీశాడు. మళ్లీ తగిలించింది. ఇలాగే తీస్తూ ఉంటే మనిషి దక్కడని డాక్టరు సింధూజకు ఫోనులో చెప్పేశాడు. ఆ మాట దేవదాస్ చెవినా పడింది. పోతే పోనీ అనుకున్నాడు. తనలాంటివాడి కోసం ఎవరు కాచుకుని కూర్చున్నారు గనక?

పెదవులు బిగించుకుని పక్కకు ఒత్తిగిలాడు. ఎదుటి మంచం మీద నెరిసిన గడ్డం పెద్దాయన ఇటే తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి.

ఏళ్ల తరబడి సూరత్ మరమగ్గాల మధ్య బతికిన దేవదాస్‌కు పెదవులే మాటలు. ఆ మోతలో పక్కన పిడుగు పడ్డా వినపడదు. దారం తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, సేఠ్‌ని తిట్టుకున్నా, ఎదుటివాడి నోరు చూసి తెలుసుకోవలసిందే. వార్డులో డాక్టర్లకూ నర్సులకూ ముఖాలే లేవు, నిలువెల్లా కప్పేసుకున్నారు. రోగుల మాస్కు మాత్రం పల్చటి ప్లాస్టిక్కు, లోపలి పెదవులు చక్కగా కనబడతాయి.

చూసి గతుక్కుమన్నాడు దేవదాస్.

'ప్రభువా, నా చెయ్యి పట్టుకో. నేను ఇడిసినా నువ్వు ఇడువకు.'

అవి అమ్మ మాటలు. చిన్నప్పుడు పడుకోబెడుతూ తనచేత అనిపించేది. ఈయనకెలా తెలుసు? అమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో, వాళ్ల దగ్గరే ఈయన అమ్మా నేర్చుకుని ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు. ముందు ఒళ్లు మండింది. ఆ తర్వాత కళ్లు చెమర్చాయి. బిగించిన పెదవులు వాటంతటవే వదులయ్యాయి. ఆయన వెనకే ఒక్కో మాటా అన్నాడు.

మాస్కు తీస్తే నర్సు వచ్చి అడ్డంగా నిలబడుతుంది, ఎదుటి మంచం కనబడదు. అందుకని తియ్యలేదు.

ఇక అదే వరస. పొద్దున కళ్లు తెరిచి ఎదుటి మంచం వైపు తిరిగేవాడు. పెద్దాయన పెదవి కదిలేదాకా ఆగి, అప్పుడు అందుకునేవాడు. సాయంత్రం మళ్లీ అంతే. వద్దన్న ప్రాణం మెల్లమెల్లగా దారికొచ్చింది. సూప్ తాగాడు. కూర్చున్నాడు. ఒకనాడు తనే సింధూజకు ఫోన్ చేశాడు.

"అయ్యగారిని లైన్‌ల తీస్కో."

సింధూజ వెంటనే పాస్టరుగారిని కలిపింది.

"అయ్యా, నిజంగనే పిలిచిండు," అన్నాడు పాస్టరుగారితో, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ. "నేను మొకం తిప్పుకున్నా ఊకోలే. ఎదుటి మంచమాయనతోని పిలిపిచ్చిండు."

ఇద్దరినీ ఒకే రోజు ఇంటికి పంపారు. గేటు దగ్గర దేవదాస్ పెద్దాయన చేతులు రెండూ పట్టుకున్నాడు. వద్దన్నా వదల్లేదు.

"అన్నా, నువ్వు లేకపోతే నేను లేను. మీది ఏ మందిరమే?"

"మాకు ఏసు మందిరమేంది? నా పేరు కనకయ్య. సలాబత్‌పురాల సాంచలు, గవే మరమగ్గాలు, నడుపుత. మేం పద్మశాలోల్లం, మార్కండేయస్వామిని కొలుస్తం. మీ ప్రార్థనలు నాకేం ఎరుక తమ్మీ?"

"గదేంది? దినాం మొదలువెట్టేది నువ్వే గదనే! నీ పెదవులు జూసే గద నేను అన్నది!"

కనకయ్య అతని ముఖంలోకి వింతగా చూశాడు.

"నేనెక్కడ మొదలువెట్టిన తమ్మీ? మొదటి దినం కాంచి నీ పెదవులు జూసుకుంట, నీ ఎనుకనే గద నేను అన్నది!"